రెండు కాళ్ల సీజీ స్టాండ్: ముక్కూ తోకా తూకానికి సరే, రెక్కలకు మాత్రం దారమే గతి

ఆర్‌సీ విమానాల (రిమోట్‌తో ఎగరేసే మోడళ్ల) సీజీ, అంటే గురుత్వ కేంద్రం, చూసుకోవడానికి ఆన్‌లైన్‌లో అమ్మే ఈ స్టాండ్ సాదా సరుకు. ఒక పీఠం, దగ్గరికీ దూరానికీ జరిగే రెండు కాళ్లు, కొసల్లో రబ్బరు తొడుగులు, రెక్క ముందంచుకు ఆనే స్టాపర్, మిల్లీమీటర్ల స్కేలు. విమానాన్ని చూపుడువేళ్ల మీద ఎత్తి చూడటం కంటే నయమే. వేళ్ల మీద ఐదు మిల్లీమీటర్ల తేడా ఉన్నా తెలీదు.

రెక్క వెడల్పు 240 మి.మీ. ఉన్న ట్రైనర్‌కి (నేర్చుకునేవాళ్ల విమానానికి) సీజీ ముందంచు నుంచి 25 నుంచి 33 శాతంలో, అంటే 60-80 మి.మీ. మధ్య పడాలి. ప్లాన్‌లో అంకె ఇస్తే అదే ప్రమాణం. లేకపోతే మొదటిసారికి 65 దాటొద్దు. లైపో బ్యాటరీని దాని చోట పెట్టే తూచాలి, ఇంజిన్ విమానమైతే ట్యాంకు ఖాళీగా ఉండాలి. రెక్క పైన ఉన్న మోడల్‌ని మామూలుగానే, కింద ఉన్నదాన్ని తలకిందులుగా పెట్టాలి. లేదంటే బరువంతా ఆనిక పైన పడి, తూకం సరిగ్గా ఉన్నా ఏదో ఒకవైపు ఒరిగిపోతుంది. డబ్బాలోని కాగితంలో ఈ ముక్క లేదు.

అసలు లోపం రబ్బరు తొడుగులది. గుండ్రంగా, మెత్తగా ఉండటంతో రెక్క ఏ గీత మీద ఆనిందో తేలదు. ప్రతి తొడుగు మీదా ఒక అగ్గిపుల్ల ముక్క రెక్క పొడవునా అంటిస్తే ఆ పేచీ పోతుంది. ఫోమ్ రెక్కకు నొక్కు పడకుండా అక్కడ టేపు వేయండి.

1200 గ్రాముల విమానం సీజీ 10 మి.మీ. వెనక్కి ఉందనుకుందాం. ముందు బ్యాటరీని జరపండి. చాలకపోతే, సీజీ ఉండాల్సిన చోటికి 240 మి.మీ. ముందు ముక్కులో పెట్టాల్సింది 1200×10÷240, అంటే 50 గ్రాములు. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కి అంటించే బిళ్లలు దీనికి బాగా పనికొస్తాయి.

ఎడమ కుడి తూకం ఈ స్టాండ్ చెప్పదు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కీ తోక చివరికీ దారం కట్టి మూడుసార్లు ఎత్తండి. మూడుసార్లూ ఒకే రెక్క వాలితే రెండో రెక్క కొసన బిళ్ల అంటించాలి. ఈ తేడాని ఎయిలరాన్ ట్రిమ్‌తో (రెక్క వెనకంచు పలకల సర్దుబాటుతో) కప్పిపుచ్చితే అది ఒక్క వేగానికే సరిపోతుంది. వేగం తగ్గి ల్యాండింగ్‌కి వచ్చేసరికి బరువు రెక్క మళ్లీ వాలుతుంది.

రెక్క వంకర కూడా దారంతోనే తెలుస్తుంది. తోక మధ్యలో గుండుసూది గుచ్చి, సాగని దారంతో రెండు రెక్కల కొసలకూ కొలవండి. తేడా 2-3 మి.మీ. మించితే రెక్క కూర్చున్న చోట సర్దాలి. తర్వాత వెనక నిలబడి చూస్తే తోక అడ్డరెక్క ప్రధాన రెక్కకు సమాంతరంగా కనిపించాలి.

మూడు కిలోలు దాటిన విమానానికి ఈ కాళ్లు ఆగవు. పైగా ఇది పీఎల్ఏతో చేసిన త్రీడీ ప్రింటు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడే ప్లాస్టిక్. మే నెల ఎండలో కారులో వదిలేస్తే కాళ్లు వంగుతాయి. వాడేముందు పీఠం మీద మూలమట్టం పెట్టి చూసుకోండి.