వార్తలకు డబ్బు: ఆస్ట్రేలియా దారా, కెనడా దారా?

ఫేస్‌బుక్, గూగుల్ వార్తాసంస్థలకు డబ్బు కట్టాలని రెండు దేశాలూ చట్టం చేశాయి. ఆస్ట్రేలియాలో 2021లో బిల్లు పాసవకముందే ఫేస్‌బుక్ వార్తలు ఆపేసింది. ఆ దెబ్బకి వాతావరణ శాఖ, ఆరోగ్య శాఖల పేజీలూ ఖాళీ అయ్యాయి! ప్రభుత్వం సవరణలకు ఒప్పుకుంది, కొద్ది రోజుల్లోనే వార్తలు తిరిగొచ్చాయి. ఏ కంపెనీ పేరును మంత్రి ప్రకటిస్తే దానికే ఆ చట్టం వర్తిస్తుంది. తలమీద కత్తి ఉందన్న భయంతోనే కంపెనీలు విడివిడిగా ఒప్పందాలు చేసుకున్నాయి. 2024 మార్చిలో మాత్రం ఫేస్‌బుక్ యజమాని మెటా, ఆ ఒప్పందాలను ఇక పొడిగించేది లేదు పొమ్మంది.

కెనడా 2023లో చట్టం తెచ్చింది. గూగుల్ బేరమాడి ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లకు దిగింది. మెటా ఆగస్టు నుంచి వార్తల లింకులే తీసేసింది. అదే నెలలో కార్చిచ్చు వచ్చి యెల్లోనైఫ్ ఊరంతా ఖాళీ చేస్తుంటే, ఫలానా రోడ్డు తెరిచి ఉందన్న వార్తను ఫేస్‌బుక్‌లో పంచుకుందామన్నా కుదరలేదు. అయినా ప్రభుత్వం చట్టాన్ని వెనక్కి తీసుకోలేదు.

నా ఓటు కెనడాకే. ఆస్ట్రేలియాలో డబ్బు త్వరగా చేతికొచ్చింది నిజమే, కానీ ఎవరికెంత అన్నది గుట్టు. కెనడాలో గూగుల్ సొమ్మును ఒక సంస్థ ద్వారా అర్హత ఉన్న వార్తాసంస్థలకు పంచుతారు.