నాసి కందారా, అరిటాకు భోజనమా?

మలేసియాలోని పినాంగ్‌లో మధ్యాహ్నం అన్నం తినాలంటే ఈ రెండూ ముందు గుర్తొస్తాయి.

నాసి కందార్ అంటే తమిళ ముస్లింల అన్నం, కూరల హోటలు. అక్కడ వరుసలో నిలబడి కావలసిన కూర చూపించాలి. 'బంజిర్' (మలయ్ భాషలో వరద) అని చెబితే చాలు, కోడి, చేప, మాంసం పులుసులు కలిపి అన్నం మునిగేలా పోస్తారు. రుచంతా ఆ కలగలుపులోనే. చిక్కల్లా బిల్లు దగ్గరే. చాలాచోట్ల ధరల పట్టీ ఉండదు, పళ్లెం చూసి లెక్క కడతారు. పెద్ద రొయ్య, చేప గుడ్లు వడ్డించకముందే 'బెరాపా?' అని ధర అడగండి. తర్వాత అడిగి లాభం లేదు.

అరిటాకు భోజనంలో ఆ బెంగ తక్కువ. అన్నం, రెండు మూడు కూరలు, అప్పడం, సాంబారు, రసం కలిపి ఒకే ధర, మారు వడ్డన సాధారణంగా ఉచితం. వేపుళ్ల పళ్లెం బల్ల దగ్గరికి తెస్తే మాత్రం మొహమాటానికి తీసుకోకండి, అందులో తీసుకున్న ప్రతిదానికీ విడిగా కట్టాలి.

శాకాహారులకు రెండోదే మేలు. నాసి కందార్‌లో బెండకాయ కూర ఉన్నా, మాంసం పులుసు ముంచిన గరిటె దాంట్లోనూ పడుతుంది. అరిటాకు దగ్గరైనా పులుసు పోయకముందే సాంబారు చాలని చెప్పాలి. అర్ధరాత్రి ఆకలేస్తే నాసి కందారే గతి.