దయ్యం సినిమాకు ఓరుగల్లు వైపు: ఎక్కడ తీయాలి, ఎక్కడ దిగాలి

కోట తోరణాల మధ్య అర్ధరాత్రి దయ్యం నడిచొస్తుందని రాసుకున్న సీనును లొకేషన్లు చూసే రెక్కీ రోజే కొట్టేయాల్సి వస్తుంది. ఓరుగల్లు కోట, రామప్ప గుడి రెండూ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. షూటింగుకు ముందస్తు అనుమతి తప్పదు, రాత్రి పని అనే మాట మరిచిపోవడమే మంచిది. కాబట్టి రాత్రిని పగలే తీయాలి: కెమెరాలో వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్ (ఎండ నీలంగా పడుతుంది), ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు కిందికి (బొమ్మ చీకటవుతుంది), ఎండ ఆర్టిస్టు వీపు మీద. ఫ్రేములో ఆకాశం కనిపించిందా, బండారం బయటపడ్డట్టే.

ఈ లెక్కన రామప్పే మేలు. నీలం పడగానే ఎర్ర ఇసుకరాయి బూడిదరంగుకు తిరుగుతుంది. పొద్దుటి ఏటవాలు ఎండ తగిలితే చూరు కింది నల్లరాతి మదనికల, అంటే స్త్రీ శిల్పాల, నున్నటి భుజాల మీద వెలుగు సన్నటి గీతలా నిలుస్తుంది, అచ్చం వెన్నెలే. కోటలోనేమో ఊరుంది. బండ్లు, మైకులు, సౌండంతా డబ్బింగే.

లక్నవరం వేలాడే వంతెన తెర మీద అందమే గానీ అడుగు వేస్తే ఊగుతుంది, ట్రైపాడ్ నిలవదు. ఒడ్డు నుంచి లాంగ్ లెన్స్‌తో ఒకటి రెండు షాట్లు చాలు. పాకాల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతికి ఓపికుంటేనే.

అసలు రాత్రికి పాడుబడ్డ గడీని, అంటే దొరల పాత భవంతిని, మించింది లేదు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పై అంతస్తు టేకు దూలాలను మేస్త్రీతో తట్టించి చూశాకే క్రేన్, ట్రాలీ ఎక్కించాలి. చెద తిన్న దూలం పైకి బాగానే కనిపిస్తుంది. నడిమి వాకిలికి కప్పు ఉండదు కనుక పొగ మిషన్ ఎంత వదిలినా పైకి పోతుంది. వాకిలి మీద నల్ల టార్పాలిన్ కట్టి, పొగ వదిలాక రెండు నిమిషాలు ఆగితే తెరలా పరుచుకుంటుంది. నేల తడిపితే లైటు మెరుస్తుంది. వానాకాలం పెద్ద లైటు వెలిగించే ముందే దూరంగా ఇంకో లైటు పెట్టాలి, పురుగులు అటు పోతాయి. పంచదార పాకం నెత్తురుకు చీమలు పడతాయి. షాట్ అవగానే కడగాలి.

బసకు హనుమకొండే సులువు, టిఫిన్లకూ అదే. రామప్ప నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. తెల్లారి పేకప్ అయితే డ్రైవర్లకు నిద్ర ముంచుకొస్తుంది, వాళ్లకూ లైట్‌మెన్లకూ ములుగులోనే గదులు తీసుకోవాలి. గది చూసేటప్పుడు ఏసీ కన్నా ముందు 24 గంటల చెకౌట్ ఉందా, కిటికీలకు మందపు కర్టెన్లున్నాయా అడగాలి. మధ్యాహ్నం 12కే ఖాళీ చేయమనే చోట, పొద్దున ఆరింటికి పడుకున్న యూనిట్ రాత్రికి పని చేయదు.