టీవీ రికార్డింగ్‌కు ఏ పెట్టె మేలు: పాత డెస్క్‌టాపా, రాస్ప్‌బెర్రీ పైయా, మినీ పీసీయా?

ఇంటిమీద డీడీ ఫ్రీ డిష్ గొడుగు ఉంటే యాదగిరి, సప్తగిరి కార్యక్రమాలను నెలవారీ బిల్లు లేకుండా దాచుకోవచ్చు. డిష్ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే ఒక డీవీబీ-ఎస్2 ట్యూనర్, లినక్స్‌పై నడిచే టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. తేల్చుకోవాల్సిందల్లా రాత్రీ పగలూ ఆన్‌లో ఉండే కంప్యూటర్ గురించే.

చాలామంది ముందుగా ప్రాసెసర్ మీద డబ్బు పోస్తారు. అక్కర్లేదు. ఉపగ్రహం నుంచి దిగే వీడియో అప్పటికే కంప్రెస్ అయి ఉంటుంది, దాన్ని ఉన్నదున్నట్టు డిస్కులో రాసుకోవడమే పని. 3 ఎంబీపీఎస్ ఛానల్ అయితే గంటకు 1.35 జీబీ. ఒకే ట్రాన్స్‌పాండర్‌లో, అంటే ఉపగ్రహం పంపే ఒకే ఫ్రీక్వెన్సీ మీద, వచ్చే ఛానళ్లు ఎన్నయినా ఒక్క ట్యూనర్‌తోనే ఒకేసారి రికార్డవుతాయి.

పాత డెస్క్‌టాప్‌కు పైసా ఖర్చు లేదు. మదర్‌బోర్డు స్లాట్‌లో పెట్టే పీసీఐఈ ట్యూనర్ కార్డుకూ పెద్ద డిస్కులకూ చోటుంటుంది. కానీ 60 వాట్లు లాగితే ఏడాదికి 525 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీకి 88 యూనిట్లే. ఉచితంగా వచ్చిందనుకున్నది కరెంటు బిల్లులో వసూలవుతుంది.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై కరెంటు తక్కువే తాగుతుంది, రికార్డింగ్ వరకు హాయిగా చేస్తుంది. ఇబ్బంది చూసేటప్పుడు వస్తుంది. ఎంపెగ్-2 అనే పాత వీడియో ఫార్మాట్‌లో వచ్చే ఛానల్‌ను ఫోన్ బ్రౌజర్‌లో చూడాలంటే ఫార్మాట్ మార్చాలి. రాస్ప్‌బెర్రీ పై 5లో అందుకు హార్డ్‌వేర్ ఎన్‌కోడరే (వీడియోను కొత్త ఫార్మాట్‌లోకి మార్చే ప్రత్యేక సర్క్యూటే) లేదు. రాస్తుండగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు పాడయ్యే భయం వేరే.

అందుకే నా ఓటు ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీకే. అందులోని వీడియో మార్పిడి హార్డ్‌వేర్ క్విక్ సింక్ ఆ మార్పిడిని సునాయాసంగా చేసేస్తుంది. 1 టీబీ ఎస్‌ఎస్‌డీలో 700 గంటలకు పైగా పడుతుంది. చాలా మోడళ్లు 12 వోల్టుల అడాప్టర్‌తో వస్తాయి కాబట్టి, ఆంపియర్లు సరిచూసుకుని చిన్న డీసీ యూపీఎస్ పెట్టేయొచ్చు. అయితే ట్యూనర్‌ను మరవద్దు. డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు పంపేది అదే, యూఎస్‌బీ ట్యూనర్లకు సాధారణంగా విడి అడాప్టర్ ఉంటుంది. కంప్యూటర్ బతికి ఉండి ట్యూనర్ ఆరిపోతే దక్కేది సగం కార్యక్రమమే. రెంటికీ బ్యాకప్ ఇవ్వండి, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే మూల సెట్టింగుల్లో) కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి.

రెండు మూడు ట్యూనర్ కార్డులు కావాలంటే మాత్రం డెస్క్‌టాపే దారి. ఏది కొన్నా, ట్యూనర్‌ను నడిపే డ్రైవర్ లినక్స్ కెర్నల్‌లోనే (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే) ఉందో లేదో ముందే చూడండి. విడిగా వేసుకోవాల్సిన డ్రైవరైతే కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారుచేసుకోవాల్సి, రావచ్చు.