పాత మస్టాంగ్‌కి సూపర్‌చార్జర్ పెట్టిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

డాలస్ చుట్టుపక్కల పాత ఫోర్డ్ మస్టాంగ్ కొని, దాంతో కొత్త కార్లను కొట్టాలని చూస్తున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు తొమ్మిది వేల డాలర్లు పోయాయి. కారు గరాజ్‌లో కదలకుండా పడి ఉంది.

నాది 2006 జీటీ. 4.6 లీటర్ల వీ8, కంపెనీ లెక్కలో 300 హార్స్‌పవర్. మా బావమరిది 2019 జీటీ కొన్నాడు. 5.0 లీటర్లు, 460 హార్స్‌పవర్, పది గేర్ల ఆటోమేటిక్. "బావా, నీ కారు సౌండ్ మాత్రం సూపర్" అన్నాడు ఒకరోజు. ఆ "మాత్రం" నా కొంప ముంచింది.

ఒక షాపువాడు సెకండ్ హ్యాండ్ సూపర్‌చార్జర్ (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి తోసే యంత్రం) బిగించి, దానికి తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్‌ని ట్యూన్ చేసి, చక్రాల దగ్గర 430 హార్స్‌పవర్ చూపిస్తానన్నాడు. ఇంజిన్ దగ్గర 300 ఉన్నా దారిలో కొంత పోయి, మామూలుగా ఈ కారుకి చక్రాల దగ్గర 260 చిల్లర వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీస్తుంటే రెండు విరిగాయని అదనంగా వసూలు చేశాడు. అది వాడి తప్పు కాదు లెండి. ఈ ఇంజిన్‌లో ప్లగ్గు రెండు ముక్కల తయారీ, కార్బన్ పట్టేస్తే కింది ముక్క లోపలే ఉండిపోతుంది. ఈ కారు కొనేవాళ్లు ప్లగ్గులు ఎప్పుడు మార్చారో ముందే అడగండి.

డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే మెషిన్) కాగితం చేతికిచ్చాడు. 431. ఫ్రేమ్ కట్టించాలన్నంత ఆనందం. నేను చూడనిది ఏంటంటే, ఆ కాగితంలో పవర్ గీత ఉంది, గాలి-పెట్రోలు నిష్పత్తి గీత లేదు. అసలు విషయమంతా ఆ గీతలోనే ఉంటుంది. సూపర్‌చార్జర్ గాలిని బలవంతంగా కుక్కుతుంది. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే మంట అదుపు తప్పి సిలిండర్‌లో కొట్టుకోవడం మొదలవుతుంది. మెకానిక్‌లు నాక్ అనేది దీన్నే. ఫుల్ థ్రాటిల్‌లో ఒక పాలు పెట్రోలుకి పదకొండున్నర, పన్నెండు పాళ్ల గాలి ఉండాలి. నాకు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మేవి) పెద్దవి వేశాడు గానీ, ఫ్యుయల్ పంప్ కంపెనీదే వదిలేశాడు. బిల్లులో మాత్రం "ఫ్యుయల్ సిస్టమ్ అప్‌గ్రేడ్" అని రాసి డబ్బు తీసుకున్నాడు. పైగా ఈ ఇంజిన్‌కి కనెక్టింగ్ రాడ్లే (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీలు) బలహీనమని దీన్ని వాడేవాళ్లందరికీ తెలుసు. నాకు తెలియదు. వాడికి తెలుసు, చెప్పలేదు.

ఎన్నిస్ డ్రాగ్ ట్రాక్‌కి వెళ్లాం. (రోడ్డు మీద పందెం వేస్తే టెక్సస్‌లో క్రిమినల్ కేసు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ ఆలోచనే పెట్టుకోకండి.) మొదటి రన్‌లో బావమరిది కంటే ముందున్నాను, అబద్ధం చెప్పను. రెండోసారి మూడో గేర్‌లో, ఆరు వేల ఆర్‌పీఎమ్ దగ్గర, గరిటెతో ఇనప బాణలిని కొట్టినట్టు శబ్దం. రాడ్ విరిగి, ఇంజిన్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. ఆయిల్ అంతా ట్రాక్ మీద. వాళ్లు శుభ్రం చేస్తున్నంతసేపూ వెనక లైనంతా నన్నే చూస్తోంది.

షాపువాడు "రేస్ చేశావు కాబట్టి మాకు సంబంధం లేదు" అన్నాడు. రేస్ కోసమే కదయ్యా చేయించుకున్నది! వేరే మెకానిక్ పంప్ బయటికి తీసి, అది కంపెనీదేనని చూపించాకే నాకు సంగతి అర్థమైంది. ఇంకోటి, పొగలోని విషవాయువుల్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్లు కూడా పీకేసి ఖాళీ పైపు పెట్టాడు. అది ఫెడరల్ చట్టానికే విరుద్ధం, మా కౌంటీలో ఎమిషన్స్ (పొగ) టెస్ట్ కూడా ఉంది.

కాబట్టి పంప్, ఇంజెక్టర్ల పార్ట్ నంబర్లు బిల్లులో రాయించుకోండి. డైనో మీద నిష్పత్తి గీత చూపించకపోతే మిగతా డబ్బు కట్టకండి. తీసేసిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి. నా పాత పంప్ ఏదని ఆ రోజే అడిగి ఉంటే దొంగతనం అక్కడే బయటపడేది.

డబ్బు తిరిగివ్వమని డిమాండ్ లెటర్ పంపాను, జస్టిస్ కోర్టులో (చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టు) కేసు వేస్తున్నాను. అక్కడ 20,000 డాలర్ల దాకా లాయర్ లేకుండానే వేసుకోవచ్చు. ఈలోగా ఆ షాపువాడే ఫోన్ చేసి, సూపర్‌చార్జర్ ఎనిమిది వందలకి వెనక్కి తీసుకుంటానన్నాడు. ఇవ్వనన్నాను. నాకంటే ముందు అది ఎవరి ఇంజిన్ మీద ఉండేదో ఇప్పుడు అనుమానంగా ఉంది.