గుంటూరులో స్లీప్ టెస్ట్: మెషిన్ చెప్పనిది ఆ పన్నెండు ప్రశ్నలు చెప్పాయి (5కి 4)

మాది తెనాలి. మా ఆయనకి కిరాణా కొట్టు. ఇరవై ఏళ్లుగా గురక ఉంది, కానీ మేమెవరం దాన్ని జబ్బనుకోలేదు. పోయిన ఏడాది నుంచి ఖాతా పుస్తకంలో అక్షరాలు సగంలో ఆగిపోయి, పెన్ను గీత పేజీ కిందిదాకా జారిపోతోంది. రాస్తూ రాస్తూనే కునుకు. ఒకరోజు కందిపప్పు తూస్తున్నారు. కళ్లు మూతపడ్డాయి, చేతిలో డబ్బా వంగిపోయింది, పప్పంతా బల్ల మీదకి కారుతోంది. "బాబాయ్!" అని పక్కింటి అమ్మాయి అరిస్తే గానీ తెలివి రాలేదు. ఆ వారమే గుంటూరులో ఒక స్లీప్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. లోపాలు కూడా చెబుతున్నాను కాబట్టి పేరు రాయను.

టెస్ట్ బాగా చేశారు. తలకి, కళ్ల పక్కన, గడ్డం కింద వైర్లు అంటించారు. ఛాతీకి, పొట్టకి బెల్టులు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. గది శుభ్రంగా ఉంది. టెక్నీషియన్ కుర్రాడు రాత్రంతా మేలుకునే ఉన్నాడు.

రిపోర్టులో ఏహెచ్‌ఐ 41 వచ్చింది. అంటే నిద్రలో గంటకి 41 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. 30 దాటితే తీవ్రమనే లెక్క. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆయన మాత్రం "నాకు తెలియకుండా జరిగేదానికి నేనేం చెయ్యను?" అన్నారు. నిద్రలో ఊపిరి దారి మూసుకుపోకుండా మాస్కు నుంచి గాలి ఒత్తిడి పంపే సీప్యాప్ మెషిన్ వద్దంటే వద్దన్నారు.

నా కోపమంతా మొదటిరోజు ఫారం మీద. ఎప్‌వర్త్ స్కేల్ అంటారు, 1991లో మెల్‌బోర్న్ డాక్టర్ ముర్రే జాన్స్ తెచ్చింది. ఎనిమిది సందర్భాలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 10 దాటితే పగటి నిద్ర ఎక్కువున్నట్టు. రిసెప్షన్‌లో ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయారు. పుస్తకం చదువుతుంటే నిద్రొస్తుందా, కారులో గంట ప్రయాణంలో వస్తుందా, ట్రాఫిక్‌లో కారు ఆగితే వస్తుందా? మాకు కారే లేదు. ఆయన వాటికి సున్నాలు పెట్టేశారు, మొత్తం 6 వచ్చింది. ఈమధ్య ఆ పని చేయకపోయినా, చేస్తే ఎలా ఉంటుందో ఊహించి చెప్పాలని ఫారం పైనే ఉందట, ఇంగ్లీషులో! తెనాలి నుంచి బస్సులో వచ్చినంతసేపూ నా భుజం మీద నిద్రపోయిన మనిషికి 6 ఏమిటి? పక్కనే ఉన్న నన్ను ఒక్కమాట అడగలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు నర్సమ్మ ఇంకో ఫారం తీసుకుని ఎదురుగా కూర్చుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల హూడాస్, ఆరోగ్యం వల్ల రోజువారీ బతుకులో ఎంత ఇబ్బందో కొలిచేది, 12 ప్రశ్నలది. తనే తెలుగులో అడిగింది. గత 30 రోజుల్లో పది నిమిషాలు ఒక పని మీద మనసు పెట్టడం ఎంత కష్టమైంది? ఇంటి బాధ్యతలు? కిలోమీటరు నడక? రోజువారీ పని? ఇబ్బంది లేదు, కొంచెం, మధ్యస్థం, తీవ్రం, అసలు చేయలేకపోయాను, వీటిలో ఒకటి చెప్పాలి.

"స్నేహాలు నిలుపుకోవడం కష్టంగా ఉందా అంకుల్?" అని అడిగేసరికి ఆయన తల దించుకున్నారు. "ఒక పెళ్లిలో కుర్చీలో గురక పెడుతుంటే ఎవరో వీడియో తీశారమ్మా. అప్పట్నుంచి ఎవరింటికీ వెళ్లట్లేదు" అన్నారు. రెండేళ్లుగా కొట్లో పని ఉందని నన్నొక్కదాన్నే ఫంక్షన్లకి పంపిస్తున్నారు. నేను నిజమనుకున్నాను. ఆ గదిలో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ రోజే మెషిన్‌కి ఒప్పుకున్నారు.

మూడు నెలలకి మెషిన్ రీడింగ్‌లో ఏహెచ్‌ఐ 3. డాక్టర్ గారు అది చూసి "చాలా బాగుంది, వెళ్లిరండి" అన్నారు. ఆ 12 ప్రశ్నలు మళ్లీ అడగనేలేదు. ఒక మార్కు తగ్గించింది ఇందుకే. నేనే నర్సమ్మని వెతికి పట్టుకుని అడిగించాను. మనసు పెట్టడం తీవ్రం నుంచి ఇబ్బంది లేదుకి వచ్చింది. కిలోమీటరు నడక మారలేదు, అది మోకాళ్ల నొప్పి. ఏ జబ్బు వల్లో ఆ ఫారం విడదీసి అడగదు. స్నేహాల దగ్గర కాసేపు ఆలోచించి "కొంచెం" అన్నారు.

వచ్చే నెల చీరాలలో మా మేనల్లుడి పెళ్లి, రాత్రి ముహూర్తం. విడిదిలో మంచం పక్కన ప్లగ్ పాయింట్ ఉందేమో కనుక్కోమని నిన్న ఆయనే అడిగారు.