ఉదయగిరి అవ్వ కాచే కుప్పింటాకు మలాం

పొదలకూరు దగ్గర మాకు నిమ్మతోట ఉంది. తోటలో దిగితే ముల్లు గీరుకోకుండా బయటికి రాలేం. చెట్ల కింద వయ్యారిభామ పీకితే సాయంత్రానికి చేతులంతా దద్దుర్లు. ఉదయగిరి కొండ కింద ఒక అవ్వ ఇంట్లో కాచి అమ్మే మలాం వాడుతున్నాను. చిన్న డబ్బా 60 రూపాయలు.

కుప్పింటాకు, వేపాకు, పసుపు, కానుగ నూనె, నువ్వుల నూనె, తేనెమైనం, ఇంతే సరుకు. చిన్నప్పుడు మా అమ్మ కుప్పింటాకు ఉప్పేసి నలిపి గజ్జికి పూసేది, ఒకటే మంట. ఈ మలాం మండదు. అవ్వ కాచేటప్పుడు దగ్గరుండి చూశాను. ఆకు రసం నూనెలో సన్నసెగ మీద మరిగిస్తుంది. మధ్యలో గుడ్డ ఒత్తి ఆ నూనెలో ముంచి వెలిగిస్తుంది. చిటపటమంటే ఇంకా నీళ్లున్నట్టు. చప్పుడు లేకుండా వెలిగాకే దించి, వడగట్టి, మైనం కరిగిస్తుంది. తడి మిగిలితే మలాం పాడైపోతుంది. ఎండాకాలంలో మైనం ఎక్కువ వేస్తుంది, లేకపోతే మన నెల్లూరు ఎండలకు డబ్బాలోనే కారిపోతుంది.

దోమకాటుకు, చీమ కుట్టిన దురదకు, నడిచి నడిచి తొడలు ఒరుసుకున్న చోట బాగా పనిచేస్తోంది. ముల్లు గీరుకున్న చోట పైన ఆరాక రాస్తే చర్మం బిగుసుకోదు. చెమటకాయలకు మాత్రం వద్దు. నూనె, మైనం కలిసి చెమట రంధ్రాలను మూసేస్తాయి. రసి కారే పుండ్ల మీదా రాయొద్దు.

గడ్డి చామంతి వేసిన రకం కూడా అవ్వ దగ్గర ఉంది. దెబ్బ తగిలితే ఆ ఆకు పసరు పిండటం మన పల్లెల్లో అందరూ చేసేదే. నా చేతి మీది దద్దుర్లు చూసి, "ఇది నీకొద్దమ్మాయ్, ఆ కలుపు పడని ఒంటికి ఇదీ పడదు" అని ఆ డబ్బా లోపల పెట్టేసింది. నిజమే, వయ్యారిభామా గడ్డి చామంతీ ఒకే కుటుంబపు మొక్కలు, ఒకటి పడని వాళ్లకు రెండోదీ పడకపోవచ్చు. ఉన్న సరుకు కూడా అమ్మకుండా ఆపిందని నాకు ఆమె మీద గురి కుదిరింది. మా తోటకు కూలికొచ్చే ఆమె తామరకు అడిగితే కూడా డాక్టర్‌కే చూపించుకోమంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములతో తామర పైకి తగ్గినట్టుండి ఇంకా పాకుతుంది, అవీ వాడొద్దు.

కానుగ వాసన ఘాటుగా ఉంటుంది. తెల్లబట్టలకు పసుపు మరక పోదు. డబ్బా మీద కాచిన తేదీ లేదు, అది రాయాల్సిందే. మొదటిసారి వాడేవాళ్లు మోచేతి లోపలివైపు చిటికెడు రాసి ఒక రోజు ఆగండి. వయ్యారిభామ పీకేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, చేతికి గ్లౌజులు వేసుకోండి. కలుపు మళ్లీ తగిలితే ఎంత మలాం రాసినా దద్దు మళ్లీ లేస్తుంది.